చిన్న పంఖా ఎవరి వైపు తిరిగి ఉంది?



మొన్న జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ వరండాలో నలుగురం నిలబడి గర్మీ గురించి మాట్లాడుకుంటున్నాం. ముద్దనూరులో ఈ సబ్జెక్టుకు ఎప్పుడూ కొదవ లేదు. ఒకాయన కూలర్ కొన్నానన్నాడు. ఇంకొకాయన కొడుకు సౌదీ నుంచి డబ్బు పంపితే ఏసీ పెట్టించానన్నాడు. మూడో ఆయనది చిన్న కిరాణా అంగడి. "మాకెందుకు భాయ్ అంత ఖర్చు! చిన్న చార్జింగ్ పంఖా ఒకటి తెచ్చుకున్నా. కరెంటు పోయినా ఫికర్ లేదు" అన్నాడు. "ఎక్కడ పెట్టినావు?" అని ఊరికే అడిగాను. "ఎక్కడేంది, నా మంచం పక్కన" అన్నాడు. అందరం నవ్వాం. ఎవరి చెప్పులు వాళ్లం వేసుకుని ఇంటికి బయల్దేరాం.

దారిలో ఆ జవాబే గుర్తొస్తూ ఉండింది. కొన్నేళ్ల క్రితం నన్నడిగితే నేనూ అదే చెప్పేవాణ్ణి. మన ఇళ్లలో పంఖా కొనేది మగవాళ్లు, తీసుకొచ్చేది మగవాళ్లు, ఏ మూల పెట్టాలో చెప్పేదీ మగవాళ్లే. ఇంట్లో అందరికన్నా ఎక్కువ వేడిలో నిలబడే మనిషి వైపు అది ఎప్పుడైనా తిరిగిందా అని మాత్రం అడగం. ఇంత చిన్న వస్తువు మీద వ్యాసం ఏమిటని మీరు నవ్వొచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా చదవండి.

మా ఊళ్లో నిలబడి చూస్తే కలమళ్ళ దగ్గరి రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంటు పొగగొట్టాలు కనబడతాయి. డిగ్రీలో తెలుగు చదువుకున్నప్పుడు కలమళ్ళ అంటే నాకు శాసనం. తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటి ఆ ఊరిది. మా పిల్లలకు మాత్రం కలమళ్ళ అంటే పొగగొట్టాలే. 1994లో అక్కడ మొదటి యూనిట్ కరెంటు తీసింది. తర్వాత 210 మెగావాట్లవి ఐదయ్యాయి, 600 మెగావాట్లది ఇంకొకటి వచ్చింది. మొత్తం 1650 మెగావాట్లు.

ఒకరోజు పని లేక హిసాబ్ వేశాను. సెల్‌ఫోన్ చార్జర్‌తో నడిచే చిన్న పంఖా దాదాపు 5 వాట్లు తీసుకుంటుంది. అన్ని యూనిట్లూ పూర్తిగా నడిస్తే ఆ కరెంటుతో అలాంటి పంఖాలు 33 కోట్లు తిరుగుతాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో మనిషికి మూడు చొప్పున పంచినా ఇంకా మిగులుతాయి. ఆ పొగగొట్టాలు కనబడే ఇంట్లో, మా అమ్మీ బావర్చీఖానాలో, నాకు నలభై ఏళ్లు దగ్గర పడేదాకా ఒక్క పంఖా లేదు. చిరాగ్ తలే అంధేరా అంటారు కదా, అదీ సంగతి. ఇందులో ప్లాంటు తప్పేమీ లేదు. కరెంటు మా ఇంటిదాకా వచ్చింది. బైఠక్‌లోకి వచ్చింది, పడక గదిలోకి వచ్చింది. బావర్చీఖానా గడప దగ్గర దాన్ని ఆపింది మేమే. ఒక బల్బు లోపలికి పోనిచ్చి చాలు అనుకున్నాం.

మా అబ్బా ప్రొద్దుటూరులో టేబుల్ ఫ్యాన్ కొన్నప్పుడు నేను ఉర్దూ స్కూల్లో ఐదో జమాత్. దాని రెక్కలు నీలం రంగు. బైఠక్‌లో స్టూలు మీద పెట్టాం. అమ్మీ తన చేత్తో క్రోషియా అల్లి దానికో గిలాఫ్ చేసింది. మెహమాన్ వస్తే గిలాఫ్ తీసేవాళ్లం. వెనకున్న బిరడా నొక్కితే మెడ తిప్పుతూ అందరికీ వంతులవారీగా గాలి పంచేది. ఆ మెహమాన్ కోసం లోపల కట్టెల పొయ్యి ముందు అమ్మీ పూరీలు కాల్చేది. ఆమె దగ్గర తాటాకు విసనకర్ర ఉండేది. దాంతో ఆమె విసిరింది పొయ్యికి. నిప్పు రాజుకోవడానికి విసిరింది గానీ తన మొహానికి విసురుకోవడం నేను చూసిన గుర్తు లేదు.

ఇంగ్లీషు దొరల జమానాలో బంగళాల్లో, కచేరీల్లో కప్పుకు పెద్ద గుడ్డ పంఖా వేలాడదీసేవాళ్లు. దానికి కట్టిన తాడు గోడ రంధ్రంలోంచి వరండాలోకి పోయేది. అక్కడ ఒక మనిషి కూర్చుని గంటల తరబడి ఆ తాడు లాగేవాడు. గాలంతా లోపలున్న సాహెబ్‌కే. లాగేవాడికి దక్కింది వరండా ఎండ. కరెంటు పంఖా వచ్చాక ఆ నౌకరీ పోయింది. 1880లలో అమెరికాలో టేబుల్ ఫ్యాన్, సీలింగ్ ఫ్యాన్ రెండూ పుట్టాయి. పంఖా లాగేవాడి కష్టం తీరింది. కానీ ఒకరు వేడిలో కూర్చుంటే ఇంకొకరికి గాలి తగిలే రివాజ్ మాత్రం మన ఇళ్లలో వేరే రూపంలో ఉండిపోయిందని నాకు అనిపిస్తుంది.

జహేజ్ సామాను గుర్తు చేసుకోండి. జహేజ్ తప్పని మనమే తకరీర్లు చేస్తాం, మళ్లీ మనమే తీసుకుంటాం. ఆ మాట ఇంకోసారి. మంచం, బీరువా, గిన్నెలతో పాటు పంఖాయో కూలరో ఆటో ఎక్కి వస్తుంది. పిల్ల తండ్రి అప్పు చేసి కొన్నది. ఆ పంఖా అత్తగారింటి బైఠక్‌లో తిరుగుతుంది. దాన్ని తెచ్చిన దుల్హన్ మర్నాటి నుంచి పంఖా లేని వంటింట్లో చెమటలు కక్కుతుంది. ఇది మన ఇళ్లలో ఎంత మామూలంటే, ఎవరికీ వింతగా కూడా అనిపించదు.

ఇప్పుడు నా కథ చెప్తాను. ఇందులో తప్పు నాదే.

2018, 2019లలో రంజాన్ మే నెలలో పడింది. చాంద్ లెక్క ప్రకారం రంజాన్ ఏడాదికి పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కాబట్టి ముప్పై మూడేళ్లకోసారి నిండు వేసవిలోకి వస్తుంది. ఆ రెండేళ్లూ రోజా ఎంత గట్టిదో మన జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు. మా ఇల్లు బండల ఇల్లు. పగలంతా ఎండను తాగి, రాత్రి మనం పడుకున్నాక ఆ వేడి మెల్లగా వదులుతుంది. 2019లో ఒక సాయంత్రం అసర్ తర్వాత ఇఫ్తార్‌కు పకోడీలు వేస్తూ అమ్మీ గోడ పట్టుకుని కూలబడింది. రోజాలో ఉంది, పొయ్యి ముందు గంటన్నర నుంచి నిలబడే ఉంది. బయటికి తెచ్చి పడుకోబెట్టాం. మొహం మీద నీళ్లు చల్లాం. రోజా విడిచెయ్యమంటే మొదట వినలేదు. బతిమాలి నీళ్లు తాగించాం. అల్లా దయ, తేరుకుంది. నాలుగేళ్ల ముందు, 2015 మేలో, వడదెబ్బకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైనే పోయారు. ఆ వార్తలు రాసిన చేతులు ఇవి. మా ఇంటి వంటగది మాత్రం ఆ వార్తలోకి రాలేదు నాకు.

మర్నాడే ప్రొద్దుటూరు పోయి చార్జింగ్ పంఖా తెచ్చాను. అడుగు ఎత్తుంటుంది, బరువు లేదు, ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. అమ్మీ ముందు పెడితే "కైకు రే, మేరెకు నక్కో. తుమె సోనేకు రఖ్‌లో" అంది. నాకెందుకు, నీకు పడుకోవడానికి ఉంచుకో అని. అమ్మీలు అలాగే అంటారు. అయినా పెట్టాను. ఆ రంజాన్ గడిచింది. ఈద్ అయ్యాక దాన్ని డబ్బాలో పెట్టి అల్మారా మీదికి ఎక్కించాను. ఫర్జ్ అదా అయిపోయినట్టు చేతులు దులుపుకున్నాను.

మరుసటి ఏడాది 2020. లాక్‌డౌన్‌లో రంజాన్. మస్జిద్‌లు మూత, తరావీహ్ ఇంట్లోనే. పత్రికల్లో పేజీలు తగ్గిపోయాయి, నేనూ ఎక్కువగా ఇంటిపట్టునే ఉన్నాను. నలభై ఏళ్లలో మొదటిసారి పగలంతా ఇంట్లో ఉండి, వంటింట్లో ఏం జరుగుతుందో చూశాను. పొద్దున సెహ్రీ, సాయంత్రం ఇఫ్తార్, మధ్యలో రోజా లేని పిల్లలకు అన్నం. మగవాళ్లం నలుగురం హాల్లో పంఖా కింద దొర్లుతున్నాం. ఒకరోజు మగ్రిబ్‌కు గంట ముందు కరెంటు పోయింది. నాకు అల్మారా మీది పంఖా గుర్తొచ్చింది. గొప్పగా దించాను, దుమ్ము దులిపాను, బటన్ నొక్కాను. రెండు నిమిషాలు తిరిగి ఆగిపోయింది. కరెంటు వచ్చాక రాత్రంతా చార్జింగ్ పెట్టాను. పొద్దున తీసి చూస్తే మళ్లీ రెండు నిమిషాలే. అంగళ్లన్నీ బంద్. ఆ రంజాన్ అంతా అమ్మీ పంఖా లేకుండానే వండింది. ఒక్క మాట అనలేదు. అనుంటే నాకు కొంచెం తేలికయ్యేది.

లాక్‌డౌన్ సడలించాక దాన్ని మా ఊళ్లోనే రిపేరు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. స్క్రూలు విప్పి, లోపలి బ్యాటరీ బయటికి తీసి, మీటరు పెట్టి చూశాడు. "ఎంత వాడినారన్నా దీన్ని?" అన్నాడు. "ఒక్క నెల" అన్నాను. "ఆ తర్వాత?" "అల్మారా మీద పెట్టినా." ఆయన నవ్వి, "వాడి చంపలేదన్నా మీరు. వాడకుండా చంపినారు" అన్నాడు.

ఆయన చెప్పింది నాకు అర్థమైన మేరకు మీకు చెప్తాను. ఇలాంటి పంఖాల్లో రెండు రకాల బ్యాటరీలు ఉంటాయి. బరువుగా ఇటుకలా ఉండేది సీసం, యాసిడ్ బ్యాటరీ. ఇన్వర్టర్ బ్యాటరీకి చిన్న తమ్ముడు. పక్కన పడేస్తే దాని చార్జ్ తనంతట తానే కారిపోతుంది. ఖాళీగా నెలల తరబడి ఉంటే లోపలి పలకల మీద ఒక గట్టి పొర పేరుకుంటుంది. ఆ తర్వాత ఎంత చార్జ్ చేసినా పట్టదు. కాబట్టి పంఖా వాడినా వాడకపోయినా నెలకోసారి నిండా చార్జ్ చేయాలి. మనకు గుర్తుండటానికి కొత్త చాంద్ కనబడిన రోజు పెట్టుకుంటే చాలు. గాలి బాగా నీరసించేదాకా, లైటు మిణుకుమిణుకుమనేదాకా నడపకూడదు. అంతకు ముందే ఆపి చార్జింగ్‌కు పెట్టాలి.

రెండోది లిథియం బ్యాటరీ. తేలిగ్గా ఉంటుంది. చేతిలో పట్టుకునేవి, మెడలో వేసుకునేవి, ఫోన్ చార్జర్‌తో నడిచేవి ఎక్కువగా ఇవే. దీన్ని దాచి పెట్టాలంటే నిండా కాదు, పూర్తిగా ఖాళీగానూ కాదు, సగం చార్జ్‌తో పెట్టాలి. రెండు మూడు నెలలకోసారి తీసి చూసుకోవాలి. దీనికి పెద్ద దుష్మన్ వేడి. ఎండ పడే కిటికీలో, పొయ్యి పక్కన, ఆపి ఉన్న కారులో ఉంచొద్దు. తలగడ కింద, బొంత మీద పెట్టి చార్జ్ చేయొద్దు. చార్జ్ అవుతున్నప్పుడు చెయ్యి కాలేంత వేడెక్కినా, ఒళ్లు ఉబ్బినా, వాసన వచ్చినా మొహమాటం లేకుండా పక్కన పెట్టేయాలి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చి చూడటం, విప్పి చూడటం ప్రాణాలతో ఆట. పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పండి. చెడిన బ్యాటరీని చెత్తలో వేయొద్దు. పాతవి వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారుదారుల మీద పెడుతూ 2022లో బ్యాటరీ వ్యర్థాల నియమాలు వచ్చాయి. సీసం బ్యాటరీ అయితే పాతది తీసుకుని కొత్తదాని ధర కొంత తగ్గించే అంగళ్లు ఎప్పటి నుంచో ఉన్నాయి.

నా పంఖాకు కొత్త బ్యాటరీ వేయించాను. కొత్త పంఖా ధరలో సగం కూడా కాలేదు. అప్పటి నుంచి కొనేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. గాలి ఎంతొస్తుందో అంగట్లో అందరూ చూస్తారు. బ్యాటరీ ఏ రకం, అది చెడితే మార్చడానికి వీలుగా వెనక స్క్రూలు ఉన్నాయా, ఆ బ్యాటరీ మన ప్రొద్దుటూరులో, కడపలో దొరుకుతుందా, ఇవి అడగండి. అతికించి మూసేసిన పంఖా అయితే బ్యాటరీతోనే దాని జిందగీ ఖతం. ముందు జాలీ గట్టిగా ఉందా చూడండి. పిల్లల వేళ్లు దూరకూడదు, ఆడవాళ్ల దుపట్టా కొస, జడ లోపలికి లాక్కోకూడదు. సీలింగ్ పంఖాలకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు. చిన్నవాటికి మన కళ్లే లేబుల్.

కరెంటు బిల్లు ఎక్కువొస్తుందనే బుజుర్గులకు కూడా ఒక హిసాబ్. 75 వాట్ల పాత సీలింగ్ పంఖా 13 గంటలు తిరిగితే ఒక యూనిట్ కాలుతుంది. 5 వాట్ల చిన్న పంఖా ఒక యూనిట్ కాల్చాలంటే 200 గంటలు తిరగాలి. అంటే రోజుకు ఆరేడు గంటల చొప్పున ఒక నెల. ఇంత చిన్న ఖర్చును వంటింటి మనిషికి లెక్క చూపించడం ఇన్సాఫ్ కాదు. ఇస్రాఫ్ అంటే ఎవరూ లేని గదిలో పంఖా తిరుగుతూ ఉండటం. ఎందుకంటే పంఖా గదిని చల్లబరచదు. చెమటను ఆవిరి చేసి మనిషిని చల్లబరుస్తుంది. మనిషి లేని గదిలో అది చేసే పని ఏమీ లేదు, మోటారు వేడి గదికి కలపడం తప్ప.

ఈ సంగతి నుంచే ఇంకో జరూరీ సంగతి వస్తుంది. మన ఒంటి చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా చల్లగా ఉంటే పంఖా రెండు విధాల మేలు చేస్తుంది. గాలి అంతకన్నా వేడిగా ఉంటే చెమట ఒక్కటే మనల్ని కాపాడుతుంది. 40 దాటితే ఉత్త పంఖా గాలి ఒంటికి వేడిని చేర్చుతుందని, అప్పుడు పంఖాను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మన దగ్గర మే నెల మధ్యాహ్నాలు 40 దాటడం ఎంత మామూలో మీకు తెలుసు. పొయ్యి పక్కన ఇంకా ఎక్కువ. పెద్ద వయసు వాళ్లకు చెమట తక్కువ పడుతుంది. అందుకే ముసలి నానీ ముందు పంఖా పెట్టేసి, ఇక ఫికర్ లేదని బయటికి పోవద్దు. మెడ మీద, చేతుల మీద తడి గుడ్డ వేయండి. గంటకోసారి మళ్లీ తడపండి. మనది పొడి వేడి, సముద్రం పక్క ఊళ్ల లాగా జిగట వేడి కాదు. తడి త్వరగా ఆరుతుంది, ఆరేటప్పుడు చల్లబరుస్తుంది. పంఖా పక్కన ఒక చెంబు నీళ్లు, ఒక తడి గుడ్డ ఉంటేనే దాని పని సంపూర్ణం. తల తిరిగినా, మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా పంఖా వైపు కాదు, ఆస్పత్రి వైపు పరుగెత్తాలి.

వంటింట్లో ఎక్కడ పెట్టాలి? చాలామంది పొయ్యి పక్కన ఎత్తు మీద పెడతారు. అది తప్పు. గాలికి మంట వంగుతుంది, వంట ఆలస్యమవుతుంది. సన్న మంట ఆరిపోయి గ్యాస్ వదులుతూ ఉంటే అంతకన్నా ఖతరా లేదు. నిలబడ్డ మనిషి వెనక, కింద, గుమ్మం దగ్గర పెట్టి, గాలి వీపుకూ మెడకూ తగిలేలా తిప్పండి. పొయ్యి వెలిగించి మంట వంగుతోందా అని ఒకసారి చూడండి. వంగితే ఇంకొంచెం పక్కకు జరపండి. గుమ్మం దగ్గర పెడితే ఇంకో లాభం, వరండాలోని గాలి లోపలికి వస్తుంది. మగ్రిబ్ తర్వాత బయట చల్లబడితే కిటికీలో లోపలి వైపు తిప్పి పెట్టండి. కిటికీయే లేని వంటిల్లయితే ముందు గోడకు ఒక దారి చేయించండి, వీలైతే వేడి గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ పెట్టించండి. చిన్న పంఖా కిటికీకి బదులు కాదు.

వంటిల్లు తర్వాత దాని అవసరం ఎక్కువ ఉన్నది మిషన్ ముందు కూర్చున్న ఆడవాళ్లకు. మన ఇళ్లలో ఎందరో ఆపాలు, ఖాలాలు ఇంట్లోనే బట్టలు కుడతారు. సీలింగ్ పంఖా వేస్తే కత్తిరించిన ముక్కలు, లైనింగ్ గుడ్డలు ఎగిరిపోతాయి. అందుకని దాన్ని ఆపేసి ఉక్కపోతలోనే ఈద్ బట్టలన్నీ కుడతారు. చిన్న పంఖాను గుడ్డ కన్నా పైన, ఓ పక్కగా, మొహానికి తగిలేలా పెడితే ముక్కలు కదలవు. మనం కొత్త బట్టలు వేసుకునే ఈద్ వెనక వాళ్ల చెమట ఉందని గుర్తుంటే ఈ మాత్రం చేయొచ్చు.

ఇక సఫాయీ. వంటింటి పంఖాకు దుమ్ము ఒక్కటే కాదు, నూనె జిడ్డు కూడా పడుతుంది. రెండూ కలిసి రెక్క మీద బంకలా పేరుకుంటాయి. గాలి తగ్గుతుంది, మోటారు బరువెక్కుతుంది, ఆ మురికి ఎగిరి హండీలో పడుతుంది. వారానికోసారి వైరు పీకేసి, జాలీ క్లిప్పులు తీసి, సబ్బు నీళ్లలో పిండిన గుడ్డతో తుడవండి. మోటారు మీద నీళ్లు పోయొద్దు. పూర్తిగా ఆరాక బిగించండి. పాత రకం టేబుల్ ఫ్యాన్ రెక్కను పట్టి ఉంచే బిరడా చాలావాటికి ఉల్టా తిరుగుతుంది. మామూలుగా బిగించే వైపు తిప్పితే ఊడుతుంది. తెలియక రెండో వైపు బలంగా తిప్పి పగలగొట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. కిర్రుకిర్రుమంటే బుష్‌లో కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు చాలు. కొబ్బరి నూనె, వంట నూనె వద్దు, గడ్డకట్టి పట్టేస్తాయి. చేత్తో తిప్పితే సులువుగా తిరుగుతూ, కరెంటు ఇస్తే మాత్రం మెల్లగా తిరుగుతుంటే కండెన్సర్ బలహీనపడి ఉండొచ్చు. అది మెకానిక్ పని, మనం వేలు పెట్టొద్దు.

ఈ సఫాయీ ఎవరు చేయాలి? ఇక్కడే నాకు మన మగవాళ్లతో పేచీ. హుజూర్ (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటి పనుల్లో ఇంటివాళ్లకు తోడుండేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన రివాయత్ మనందరం జుమా బయాన్‌లలో విన్నదే. చెప్పులు తామే బాగు చేసుకునేవారని కూడా విన్నాం. మిస్వాక్ సున్నత్ మనకు గుర్తుంటుంది, గడ్డం సున్నత్ గుర్తుంటుంది. స్క్రూ డ్రైవర్ పట్టుకుని ఇంటావిడ పంఖా శుభ్రం చేయడం కూడా ఆ దారిలోని పనే అని ఎందుకు గుర్తుండదు?

మా మస్జిద్‌లో పంఖాల రెక్కల మీద పేర్లు రాసి ఉంటాయి. ఫలానా మర్హూమ్ ఈసాలె సవాబ్ కోసం అని. మీ మస్జిద్‌లోనూ ఉంటాయి. అది తిరిగినంత కాలం సదఖ-ఎ-జారియా అని నమ్మి ఇస్తారు. మంచిదే. ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఏడాదికోసారి నిచ్చెన వేసి ఆ రెక్కలు తుడిచేవాళ్లే కరువు. ఆగిపోయిన పంఖా మీద పేరు మాత్రం అలాగే ఉంటుంది. నేను అల్మారా మీద పెట్టిన పంఖా కూడా అలాంటిదే. కొన్నానన్న పేరు నాది, గాలి మాత్రం ఎవరికీ లేదు. ఇచ్చిన వస్తువును నడిచేలా ఉంచడం కూడా ఇవ్వడంలో భాగమే అని నాకు ఆలస్యంగా తెలిసింది.

"ఆడవాళ్లే వద్దంటారు భాయ్, మేమేం చేయాలి?" అని ఒక దోస్త్ అన్నాడు. నిజమే, మా అమ్మీ కూడా నక్కో అంది. కానీ బిర్యానీ రెండోసారి వడ్డించబోతే మనమూ నక్కో నక్కో అంటాం. వడ్డించేవాళ్లు వింటారా? అలవాటైన నక్కో వేరు, అక్కర్లేని నక్కో వేరు. జీవితమంతా ఎవరూ అడగకపోతే మనిషికి తన అవసరమే కనబడకుండా పోతుంది. అడగొద్దు, పెట్టేయండి. పెట్టి, తిప్పి, బటన్ నొక్కండి. ఆ తర్వాత ఆఫ్ చేస్తే అది వాళ్ల మర్జీ.

మా అమ్మీ ఇప్పుడు పొయ్యి దగ్గరికి ఎక్కువ రాదు. మోకాళ్లు సహకరించవు. గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుని, మా బేగం వండుతుంటే కొత్తిమీర తుంచి ఇస్తుంది. ఆ పంఖా వాళ్లిద్దరి మధ్య ఉంటుంది. నేను దాన్ని అమ్మీ వైపు తిప్పి వస్తాను. కాసేపటికి పోయి చూస్తే బహూ వైపు తిరిగి ఉంటుంది. ఎవరు తిప్పారని అడిగితే జవాబు రాదు.

మే నెల రంజాన్ మళ్లీ 2050 ప్రాంతంలో వస్తుంది. అప్పటికి మన పిల్లలు ఇంటి పెద్దలవుతారు. ఈలోగా రోజా లేకపోయినా వేసవి ప్రతి ఏడాదీ వస్తుంది, పొయ్యి రోజుకు మూడుసార్లు వెలుగుతుంది. మీ ఇంట్లో అల్మారా మీద, మంచం కింద ఒక చిన్న పంఖా పడి ఉంటే ఇవాళ దించండి. మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి తుడవండి. వాడికి స్క్రూ ఎటు తిప్పాలో, పంఖా ఎవరి వైపు తిప్పాలో రెండూ నేర్పండి.

ఇది రాస్తుండగానే మగ్రిబ్ అజాన్ అయింది. పంఖా చార్జింగ్‌కు పెట్టి నమాజ్‌కు పోతున్నాను. ఇంట్లో మనుషులున్నారు, చూసుకుంటారు. పడుకునే ముందు నేనే తీసేస్తాను. రాత్రంతా వదిలేయకూడదు కదా.

ఖుదా హాఫిజ్.